లేచి బయటికి వెళ్లినంత మాత్రాన సరిపోతుందా?

నగరపాలక సంస్థలో ప్లానింగ్ విభాగంలో పనిచేసే స్నేహితురాలు మొన్న ఫోన్లో మాట్లాడుతూ, ఆ రోజే ఎథిక్స్ ట్రైనింగ్ పూర్తి చేశానని చెప్పింది. ఏటా తప్పనిసరి. ఆన్‌లైన్లో కొన్ని స్లయిడ్లు, చివర్లో ప్రశ్నలు. “కాంట్రాక్టరు మీకు ఖరీదైన వాచీ ఇవ్వబోతే ఏం చేస్తారు?” అని ఒకటి. పుచ్చుకుంటాను, పుచ్చుకుని ఎవరికీ చెప్పను, తిరస్కరించి పై అధికారికి తెలియజేస్తాను – ఈ మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. “మా ఆఫీసులో నూటికి నూరు రానివాళ్లు లేరు” అని నవ్వింది. కాసేపాగి అంది: “నాకు వాచీ ఎవరిస్తారు చెప్పు? శుక్రవారం సాయంత్రం కౌన్సిలర్ గారి దగ్గర్నుంచి ఫోనొస్తుంది. ఆ మూల ప్లాటు ఫైలు కాస్త చూడండమ్మా అంటారు. చూడమంటారంతే, ఏం చెయ్యాలో చెప్పరు. ఆ స్లయిడ్ మాత్రం ఎక్కడా లేదు.”

అప్పటి నుంచి నగర ప్రభుత్వాల్లో నైతిక నియమాల సంస్కరణ అన్న వార్త ఎక్కడ కనబడినా ఆగి చదువుతున్నాను. దాదాపు అన్నీ ఒకే వరసలో నడుస్తాయి. కుంభకోణం బయటపడుతుంది. కొన్నాళ్లకు కొత్త నిబంధనలొస్తాయి. గిఫ్టు పరిమితి తగ్గుతుంది, జరిమానా పెరుగుతుంది, ఇంకో ఫారం చేరుతుంది, ట్రైనింగు ఇంకాస్త పొడుగవుతుంది. ఇవన్నీ అనవసరమని అనను. కానీ ఇవి చేతికి ఏం అందిందో వెతుకుతాయి. ఆ మనిషి ఏ కుర్చీలో కూర్చున్నాడు, అది కాక ఇంకే కుర్చీలో కూర్చున్నాడు అన్నది నా దృష్టిలో అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. “ఈ విషయంలో నాకు సొంత లాభం ఉంది, కాబట్టి ఓటు వేయను” అని ప్రకటించి పక్కకు జరిగితే చాలనే పద్ధతి మీదే చాలా నగరాల నియమావళి నిలబడి ఉంది. ఆ పద్ధతినే మార్చాలి.

నిబంధన పాటించిన మనిషి

ఎడ్ బర్క్ 1969 నుంచి 2023 దాకా షికాగో సిటీ కౌన్సిల్లో సభ్యుడు. అందులో చాలాకాలం ఫైనాన్స్ కమిటీకి ఛైర్మన్. ఆయనకో లా ఫర్మ్ కూడా ఉండేది. పెద్ద పెద్ద భవనాల యజమానుల తరఫున ఆస్తి పన్ను తగ్గించమని అప్పీళ్లు వేయడం దాని వ్యాపారం. ఒక పక్క నగర ఖజానాకు కాపలా, ఇంకో పక్క ఆ ఖజానాకు రావాల్సిన పన్నుకు గండి కొట్టే పని. ఇదేమీ చీకట్లో జరగలేదు. తన క్లయింట్ల వ్యవహారం కౌన్సిల్లో ఓటింగుకు వచ్చినప్పుడల్లా ఆయన తప్పుకుంటున్నానని రికార్డులో రాయించేవారు. అలా ఏళ్ల తరబడి, వందల సార్లు. ఎవరైనా వేలెత్తి చూపితే, “నిబంధన పాటించాను కదా” అనొచ్చు. నిజంగానే పాటించారు.

అయితే ఆయన తప్పుకున్నది ఓటు నుంచే, పలుకుబడి నుంచి కాదు. ఆయన చెయ్యెత్తకపోయినా, ఆ 50 మంది సభ్యుల కౌన్సిల్లో ఎవరికి ఏం కావాలన్నా ఏ కమిటీ గడప తొక్కాలో మిగతావాళ్లకు తెలుసు. దీనికి తోడు షికాగోలో అప్పట్లో రాయని ఆచారం ఒకటుండేది. వార్డులో పర్మిషన్ కావాలన్నా, జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నిబంధన) మారాలన్నా ఆ వార్డు సభ్యుడి మాటే ఆఖరి మాట. 2023 డిసెంబరులో, బర్క్ మీద నడిచిన అవినీతి కేసులో, జ్యూరీ ముందు తేలిన విషయాల్లో ఒకటి చూడండి. ఆయన వార్డులో ఒక బర్గర్ రెస్టారెంటును దాని యజమానులు రీమోడల్ చేసుకోబోయారు. డ్రైవ్‌వే పర్మిషన్ దగ్గర పని ఆగింది. ఆ కంపెనీ పన్ను అప్పీళ్లు తన ఫర్మ్ చేతికి రావాలన్నది ఆయన ఉద్దేశం. ఇందులో వాచీ లేదు, కవరు లేదు. కావాల్సింది శుభ్రమైన లాయరు ఫీజు. దానికి బిల్లు ఇస్తారు, రసీదు ఉంటుంది, ఆదాయపు పన్ను కూడా కడతారు. గిఫ్టుల డిక్లరేషన్లో దీన్ని ఏ గడిలో రాయాలి?

మొత్తం 14 అభియోగాల్లో 13 రుజువయ్యాయి. 2024 జూన్‌లో రెండేళ్ల జైలు, 20 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. పట్టుకున్నది ఎఫ్‌బీఐ. అదీ జోనింగ్ కమిటీ ఛైర్మన్ డానీ సోలిస్, తానే కేసులో ఇరుక్కుని, తోటి సభ్యుడి మాటలు రహస్యంగా రికార్డు చేసి ఇస్తే. షికాగోలో ఎథిక్స్ బోర్డు 1987 నుంచీ ఉంది. 1970ల నుంచి లెక్క తీస్తే అక్కడ 30 మందికి పైగా కౌన్సిల్ సభ్యులు నేరం రుజువై శిక్ష పడినవాళ్లే. బోర్డు పనిచేయలేదని కాదు. తనకిచ్చిన పని అది చేసింది. ఆ పనిలో అసలు విషయం లేదు.

కౌన్సిల్ తన మీద తాను పెట్టుకున్న నిఘా సంగతి ఇంకా తమాషా. 2010లో సభ్యుల కోసమంటూ విడిగా ఇన్‌స్పెక్టర్ జనరల్ (పోలీసు కాదు, అక్రమాలను విచారించే అధికారి) పదవి సృష్టించారు. ఫిర్యాదు చేసేవాళ్లు పేరు రాసి, సంతకం పెట్టి, ప్రమాణం చేయాలన్నారు. పర్మిషన్ కోసం ఆ సభ్యుడి చుట్టూ తిరుగుతున్న మనిషి ఆ కాగితం మీద సంతకం పెడతాడా? 2016లో ఆ పదవి పని నగరమంతటికీ ఉన్న ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు అప్పగించారు, 25-23 ఓట్లతో. ఆ రెండు ఓట్ల మెజారిటీ కూడా, సభ్యుల కార్యక్రమాలను ఆడిట్ చేసే అధికారం తీసేశాకే వచ్చింది.

సంస్కరణ అనదగ్గది 2019లో వచ్చింది. బర్క్ మీద కేసు నమోదయ్యాక, కౌన్సిల్ సభ్యులు పక్కన ఆస్తి పన్ను అప్పీళ్ల పని చేయకూడదని నగర చట్టం చేశారు. తప్పుకుంటే చాలు అన్నది పోయి, అసలు ఆ పనే పెట్టుకోవద్దు అన్నది వచ్చింది. అదే ఏడాది మే నెలలో కొత్త మేయరు లోరీ లైట్‌ఫుట్ పదవి చేపట్టిన రోజే, పర్మిషన్ల విషయంలో వార్డు సభ్యుడి మాట చెల్లదంటూ ఉత్తర్వు ఇచ్చారు. జోనింగ్‌లో మాత్రం పాత ఆచారం కదలలేదు. డబ్బంతా ఉన్నది అక్కడే మరి.

లాస్ ఏంజెలెస్‌లో ఎథిక్స్ కమిషన్ పుట్టుక కూడా రెండో కుర్చీ వల్లే. 1980ల చివర్లో మేయరు టామ్ బ్రాడ్లీ, నగరం డబ్బు డిపాజిట్ చేసిన ఒక బ్యాంకుకు సలహాదారుగా ఉండి పారితోషికం తీసుకున్నారని బయటపడింది. ఆ గొడవ తర్వాత 1990లో ఓటర్లు కమిషన్‌కు ఆమోదం తెలిపారు. అదే ఊళ్లో ప్లానింగ్, భూ వినియోగ కమిటీకి ఛైర్మన్‌గా ఉన్న హోసే హ్విజార్‌కు డెవలపర్ల దగ్గర లంచాలు తీసుకున్న కేసులో 2024 జనవరిలో 13 ఏళ్ల శిక్ష పడింది.

డబ్బు జేబులోకి రాకపోతే?

గిఫ్టు నిబంధనలను ఎంత బిగించినా ఎలా జారిపోతుందో శాన్ ఫ్రాన్సిస్కో చూపించింది. అక్కడి పబ్లిక్ వర్క్స్ డైరెక్టర్ మొహమ్మద్ నూరు 2020 జనవరిలో అరెస్టయ్యారు, 2022లో ఏడేళ్ల జైలు పడింది. ఆయన సొంతానికి పుచ్చుకున్నవి ఉన్నాయి, అవి మామూలు కథే. నన్ను ఆపేసింది ఇంకొకటి. నగరంతో వ్యాపారం ఉన్న కంపెనీలు, చెత్త సేకరించే సంస్థతో సహా, ఆయన డిపార్టుమెంటు సిబ్బంది వేడుకలకు స్వచ్ఛంద సంస్థల ఖాతాల ద్వారా విరాళాలిచ్చాయి. పైకి చూస్తే ఎంత మంచి పని! రోడ్లు ఊడ్చేవాళ్లకు పండగ పార్టీ. అధికారి జేబులో పైసా పడలేదు. కానీ ఆ పార్టీ ఇచ్చిన పెద్దమనిషిగా పేరెవరికి వచ్చింది? మర్నాడు ఆ కంపెనీ ఫైలు ఎవరి బల్ల మీదికి వచ్చింది? ఆ చెత్త సంస్థ నగరవాసుల దగ్గర ఎక్కువ వసూలు చేసిందని తేలి, సుమారు 100 మిలియన్ డాలర్ల సెటిల్‌మెంటుకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత, నగరంతో పని ఉన్నవాళ్ల దగ్గర ఏ మంచి పనికైనా సరే విరాళం అడగకుండా అధికారులకు కట్టడి పెట్టారు.

ఇక్కడ నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. వరదలొచ్చినప్పుడు మేయరు ఫోన్ చేసి ఒక కంపెనీని దుప్పట్లు పంపమంటే అదీ తప్పేనా? కచ్చితంగా గీస్తే ఆ గీత ఇలాంటివాటినీ కోసేస్తుంది. మినహాయింపు పెట్టొచ్చు. అయితే ప్రతి మినహాయింపు వెనకా ఒక లాయరు తయారుగా ఉంటాడు. నా మటుకు నాకు, దుప్పట్లు కాస్త ఆలస్యంగా వచ్చినా సరే, అడిగేవాడూ పర్మిషన్ ఇచ్చేవాడూ ఒకరే కాకూడదనిపిస్తుంది.

సంతకం పెట్టనివాడి మీద కేసు ఉండదు

మా బాబాయి మున్సిపల్ ఇంజినీరుగా రిటైరయ్యాడు. ఈ గోలంతా ఆయన దగ్గర ఎత్తితే, పేపరు పక్కన పెట్టి, “ఒరేయ్, కేసు ఎప్పుడూ సంతకం పెట్టినవాడి మీదే. పెట్టనివాడికి ప్రమోషన్ కూడా ఆగదు” అన్నాడు. ఆయన చెప్పిన విద్య ఇది. ఫైలు వస్తుంది. అనుమానం ఉంటే “చర్చించవలెను” అని రాసి వెనక్కి పంపాలి. చర్చించి మళ్లీ తెస్తారు. “పాత ఫైలు జతపరచవలెను” అని రాయాలి. పాత ఫైలు దొరికేసరికి మనకు బదిలీ అయిపోతుంది. “ఇందులో ఏ రూలూ తప్పలేదు చూశావా? కానీ ఇల్లు కట్టుకునేవాడు రెండేళ్లు అద్దె కట్టాడు. ఆ రెండేళ్లలో వాణ్ని ఎవడు పట్టుకుంటాడో తెలుసా? పని అయిపోయేలా చూస్తానని చెప్పే బ్రోకరు.”

నైతిక నియమాల గురించి నేను విన్న విమర్శల్లో ఇంత బలమైనది ఇంకోటి లేదు. భయపెట్టే నిబంధనలు ఎక్కువైతే నిజాయితీపరుడు చేతులు కట్టుకుంటాడు. ఫైళ్లు పేరుకుంటాయి. ఆలస్యమే అమ్ముడయ్యే సరుకవుతుంది. అవినీతిని ఆపడానికి చేర్చిన ప్రతి సంతకమూ ఇంకో బేరానికి చోటిస్తుంది. కాబట్టి నియమాలు పెంచమనే ముందు, “ఇది చెయ్యొచ్చా?” అని అడగడానికి ఒక మనిషి ఉన్నాడా అని చూడాలి. ఈ విషయంలో న్యూయార్క్ నగరంలోని కాన్‌ఫ్లిక్ట్స్ ఆఫ్ ఇంటరెస్ట్ బోర్డు (ఉద్యోగ బాధ్యతకు సొంత లాభం అడ్డొచ్చే విషయాలను చూసేది) నాకు నచ్చుతుంది. ఉద్యోగి పని చేయకముందే ఫోన్ చేసి, గోప్యంగా సలహా అడగొచ్చు. అలా అడిగేవాళ్లు ఏటా వేలల్లో ఉంటారు. తప్పు చేశాక దొరికినవాళ్ల లెక్కకన్నా, ముందే అడిగినవాళ్ల లెక్క నాకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది. ఆ బోర్డు ఐదుగురు సభ్యులనూ మేయరే నియమించే పద్ధతి 2019లో ఓటర్లు ఆమోదించిన చార్టర్ (నగర మూల చట్టం) సవరణతో మారింది. ఇప్పుడు మేయరుకు ముగ్గురే. మిగతా ఇద్దరిలో ఒకరిని నగర ఖాతాలు చూసే కంప్ట్రోలర్, ఒకరిని పౌరుల ఫిర్యాదులు చూసే పబ్లిక్ అడ్వొకేట్ నియమిస్తారు. ముగ్గురంటే ఇప్పటికీ మెజారిటీయే అనుకోండి.

సరే, రెండో కుర్చీ వద్దంటే బతికేదెలా? కౌన్సిల్ సభ్యుడి గౌరవ వేతనం చాలాచోట్ల నామమాత్రం. పక్క సంపాదన పూర్తిగా ఆపితే డబ్బున్నవాళ్లో, డబ్బున్నవాళ్లు నిలబెట్టినవాళ్లో తప్ప ఇంకెవరూ పోటీ చేయరు. దీనికి అందరూ చెప్పే జవాబు జీతం పెంచమని. పెంచాలి, కానీ దాంతో తీరిపోదు. కాలిఫోర్నియాలోని బెల్ అనే చిన్న ఊరి సంగతి చూడండి. జనాభా 40 వేల లోపు, ఎక్కువమంది పేదలు. 2005లో ఒక ప్రత్యేక ఎన్నిక పెట్టి, కౌన్సిల్ సభ్యుల జీతాల మీద రాష్ట్రం పెట్టిన పరిమితి తమకు వర్తించకుండా చేసుకున్నారు. ఆ ఎన్నికలో ఓటేసింది 400 మంది లోపే. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టేనాటికి సిటీ మేనేజర్ (జీతానికి పెట్టుకున్న పాలనాధికారి) రాబర్ట్ రిజ్జో ఏటా 8 లక్షల డాలర్లకు దగ్గరగా జీతం తీసుకుంటున్నాడు. పార్ట్‌టైమ్ కౌన్సిలర్లకు లక్షకు దగ్గరగా. అక్కడ రెండో కుర్చీ అవసరమే రాలేదు, మొదటి కుర్చీలోనే దోచుకున్నారు. జీతం ఎంతుండాలో జీతం తీసుకునేవాళ్లు నిర్ణయించకూడదన్నది ఆ ఊరు నేర్పింది. ఇక మామూలు కౌన్సిలర్ల విషయానికొస్తే, ఉద్యోగాలన్నీ మానేయమని నేననను. టీచరు పాఠం చెప్పుకోనివ్వండి, డాక్టరు రోగుల్ని చూసుకోనివ్వండి. నగరం దగ్గర పని ఉన్నవాళ్ల నుంచి వచ్చే డబ్బు ఒక్కటి ఆపండి. భూమి, టెండర్లు, పన్ను – ఈ మూడింటితో సంబంధం ఉన్న సంపాదన ఉంటే ఆ కమిటీల్లోకి రానివ్వొద్దు.

రాస్తే ఏమవుతుంది?

శుక్రవారం ఫోన్ దగ్గరికి వద్దాం. సియోల్ నగరం 1999లో, గో కున్ మేయరుగా ఉన్నప్పుడు, ఓపెన్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ తెచ్చింది. పర్మిషన్ కోసం పెట్టుకున్న అర్జీ ఏ రోజు ఏ అధికారి దగ్గరుంది, ఎక్కడ ఆగింది అన్నది ఎవరైనా చూడొచ్చు. ఇప్పుడు ఇలాంటివి చాలా ఊళ్లలో వచ్చాయి. వాటికి నేను చేర్చమనేది ఇంకొక్క గడి: ఈ ఫైలు గురించి ఎన్నికైన సభ్యులెవరైనా మాట్లాడారా, ఎప్పుడు, ఏమన్నారు. ఫోన్ చేయడం నేరం కాదు. పౌరుడి గోడు అధికారికి చెప్పడం కౌన్సిలర్ పనే. చెప్పింది న్యాయమైన మాటే అయితే అది ఫైల్లో ఉంటే నష్టమేముంది?

ఇది స్నేహితురాలితో చెబితే వెంటనే అంది: “రాస్తానోయ్. రేపు నా బదిలీ ఆర్డరు ఎవరి నోటి మాట మీద వస్తుందో దానికీ ఒక గడి పెట్టిస్తావా?”

దానికి నా దగ్గర తేలికైన సమాధానం లేదు. రాసినవాళ్లకు ఫలానా కాలం దాకా కారణం చూపకుండా బదిలీ ఉండకూడదని నియమం పెట్టొచ్చు. ఆ నియమం అమలయ్యేలా చూసేవాళ్లు కౌన్సిల్ చేతికింద ఉండకూడదు. అక్కడే అసలు చిక్కు. ఎన్నికైనవాళ్ల మీద ఎన్నిక కానివాళ్లకు ఎంత అధికారమివ్వాలి? లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ ఒక విలేకరితో అసహ్యంగా మాట్లాడారని 2006లో ఒక ప్యానెల్ ఆయన్ని నాలుగు వారాలు సస్పెండ్ చేయబోయింది. ఆయన మాట్లాడింది తప్పే. కానీ లక్షల మంది ఓటేసి గెలిపించిన మేయర్‌ను, ఎవరూ ఎన్నుకోని ప్యానెల్ ఇంటికి పంపడమేంటని చాలామందికి కోపమొచ్చింది. హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ తరహా వ్యవస్థ మొత్తం మీదే విసుగు పుట్టి, 2011 లోకలిజం చట్టంతో ఇంగ్లండులో కౌన్సిలర్ల ప్రవర్తనను చూసే స్టాండర్డ్స్ బోర్డును రద్దు చేశారు. కౌన్సిలర్‌ను సస్పెండ్ చేసే అధికారం కూడా దాంతోనే పోయింది. ఆర్థిక ప్రయోజనాలను దాచిపెట్టడాన్ని మాత్రం నేరం చేశారు. ఫలితంగా అక్కడ ఒక చివర క్రిమినల్ కేసు, ఇంకో చివర మందలింపు, మధ్యలో పెద్దగా ఏమీ లేదు. 2019 నాటికి ప్రభుత్వానికి సలహా ఇచ్చే ప్రజాజీవిత ప్రమాణాల కమిటీయే ఆర్నెల్ల దాకా సస్పెన్షన్ అధికారం తిరిగి ఇమ్మని సిఫార్సు చేసింది. నోటి దురుసుకు ఓటర్లు చూసుకుంటారు. భూమి ఫైలులో సొంత లాభానికి మాత్రం ఓటర్ల దాకా ఆగనక్కర్లేదు. ఈ రెండింటినీ ఒకే బోర్డుకు అప్పగించడమే ఇంగ్లండులో బెడిసికొట్టిందని నా అనుమానం.

నియామకం సంగతి కొంత తేల్చుకోవచ్చు. ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో (జిల్లా లాంటిది) కమిషనర్లు, అంటే దాన్ని నడిపే ఎన్నికైన సభ్యులు, వరుసగా జైలు పాలయ్యాక 2010లో ఎథిక్స్ కమిషన్ పెట్టారు. దాని సభ్యులను కౌంటీ నాయకులు నియమించరు. లాయర్ల సంఘాలు, అకౌంటెంట్ల సంఘం, పోలీసు అధిపతుల సంఘం, విశ్వవిద్యాలయ అధ్యక్షుడు లాంటి బయటివాళ్లు ఎంపిక చేస్తారు. ఒక్కో చిన్న ఊరికీ ఒక్కో బోర్డు కాకుండా, 30కి పైగా మున్సిపాలిటీలకు ఉమ్మడిగా అదొక్కటే. చిన్న ఊళ్లకు ఇది నిజంగా పనికొచ్చే ఏర్పాటు, ఎందుకంటే అక్కడ బోర్డు సభ్యుడూ కౌన్సిలరూ పొద్దున ఒకే చోట వాకింగ్ చేస్తుంటారు.

డబ్బు దగ్గరికొచ్చేసరికి పామ్ బీచ్‌లోనూ కథ అడ్డం తిరిగింది. కమిషన్‌తో పాటు వచ్చిన ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు ఖర్చులో తమ వాటా కట్టబోమని కొన్ని నగరాలు 2011లో కోర్టుకెక్కాయి. ఓటర్లు బ్యాలెట్లో ఒప్పుకున్న ఏర్పాటు అది. అయినా 2016లో అప్పీలు కోర్టు నగరాల వైపే తీర్పిచ్చింది. లాస్ ఏంజెలెస్ 2024 నవంబరులో దీనికి విరుగుడు రాసుకుంది. ఎథిక్స్ కమిషన్‌కు ఏటా కనీసం ఇంత బడ్జెట్ ఇచ్చి తీరాలని చార్టర్‌లోనే పెట్టే సవరణను ఓటర్లు నెగ్గించారు. మేయరుకు కోపమొచ్చిందని ఇకపై ఆ మొత్తంలో కోత పెట్టడం కుదరదు. కొత్త ఎథిక్స్ బోర్డు పెడతామని ఏ నగరం తీర్మానం తెచ్చినా నేను ముందు ఆ డబ్బు వాక్యం కోసమే వెతుకుతాను. అది లేకపోతే గిఫ్టు పరిమితి ఎంత తగ్గించారన్నది చదివే ఓపిక నాకు లేదు.